కారు పాకలో కోడలు

పోయిన నెల మా కారుని సర్వీసుకి ఇవ్వడానికి రాజమండ్రిలో ఒక సర్వీస్ సెంటరుకి వెళ్ళాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళే చోటే. కౌంటర్లో ఉన్న అమ్మాయి నవ్వుతూ నీళ్ళ సీసా ఇచ్చి, "ఏసీ గదిలో కూర్చోండి మేడం, గంటన్నరలో అయిపోద్దండి" అంది. కూర్చున్నాను. ఎదురుగా గోడంతా అద్దం. ఆ అద్దం అవతల మా కారు బానెట్ తెరిచి ఉంది. నేను లేచి అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. యూనిఫారం వేసుకున్న ఒకతను స్టీరింగ్ కింద ఎక్కడో వైరు గుచ్చి, చేతిలో ఉన్న పలకలాంటి ఫోను వంక చూస్తున్నాడు. ఇంజన్ వంక చూడలేదు. చెవి పెట్టి విననూ లేదు. "లోపలికెళ్ళి చూడొచ్చామ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను. "కస్టమర్లని లోపలికి పంపరండి. ఏం కావాలన్నా నన్నడగండి, నేను కనుక్కుని చెప్తాను" అంది. పాపం, మర్యాదగానే అంది. నాకు కావలసింది ఏమీ లేదు, చూడాలనిపించింది, అంతే. ఇంతలో ఎవరో తలుపు తీసుకుని బయటికొచ్చారు. ఆ తలుపు మళ్ళీ మూసుకునేలోగా ఒక వాసన నా దాకా వచ్చింది. కాలిన ఆయిలు, రబ్బరు, తడిసిన సిమెంటు కలిసిన వాసన. దానికి కాస్త ఎండుగడ్డి, కాస్త తవుడు కలిపితే అచ్చం కొవ్వూరులో మా మావయ్యగారి కారు పాక. అరవై దాటిన దాన్ని, ఆ అద్దానికి నుదురు ఆనించుకుని గంటన్నరసేపు అలాగే నిలబడిపోయాను.

నా పెళ్ళయ్యేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా వారికి కర్నూలులో ఉద్యోగం, ఇంకా క్వార్టర్స్ ఇవ్వలేదు. అది ఇచ్చేదాకా నన్ను కొవ్వూరులో అత్తగారింట ఉంచారు. ఆర్నెల్లన్నది కాస్తా రెండేళ్ళకి దగ్గరపడింది. పుట్టింది నరసాపురం. మా అమ్మా, పిన్నులూ మధ్యాహ్నం పూట వీధరుగు మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళు. నాకూ ఏడేళ్ళకే సూది ఇచ్చారు. చెయ్యి కుదిరింది కానీ మనసు కుదరలేదు. గోదావరి దాటడానికి పంటు ఎక్కితే అందరూ ఒడ్డు చూస్తూ నిలబడేవాళ్ళు, నేను ఇంజను గది దగ్గర నిలబడేదాన్ని. లోపల ఏదో లేస్తూ పడుతూ ఉంటే, అది ఏంటో, దేనికలా ఎగురుతోందో తెలుసుకోవాలని ఉండేది. "ఆడపిల్లకి అక్కడేం పని" అని మా నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవారు. తెలుసుకోవాలన్న ఆ కోరికని అలాగే మూటగట్టుకుని అత్తవారింటికి వచ్చాను.

మావయ్యగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఐదెకరాల వరి, కాలవ వారన కాసిని కొబ్బరి చెట్లు. ఆయనకి ఒక పట్టుదల ఉండేది. తనకి అర్థం కాని వస్తువు ఇంట్లో ఉండకూడదు. గోడ గడియారం, రేడియో, కుట్టుమిషను, అన్నిటినీ ఒకసారి విప్పి మళ్ళీ బిగించినవారే. రిటైరైన ఏడాది రాజమండ్రిలో ఒక డాక్టరుగారి దగ్గర పాత కారు ఒకటి కొన్నారు. పాలమీగడ రంగు. దాన్ని పెట్టడానికి చోటు లేక పశువుల పాకని రెండు భాగాలు చేశారు. ఒక పక్క గేదె, ఒక పక్క కారు. మధ్యలో వెదురు తడక. గేదె ఆ తడక మీదుగా మెడ చాచి కారు అద్దం నాకుతుండేది. ఆదివారం పొద్దున్న ఊళ్ళో మగవాళ్ళంతా తలంట్లు పోసుకుంటుంటే మావయ్యగారు పాత పంచె కట్టుకుని, బనీను వేసుకుని, బానెట్ ఎత్తి తల లోపల పెట్టేవారు. ఆయన పానాలు, స్క్రూడ్రైవర్లు అత్తయ్యగారు పాత పరుపు గుడ్డతో కుట్టిచ్చిన మడతల సంచిలో ఉండేవి. ఒక్కో పానాకి ఒక్కో జేబు. ఏ జేబులోది ఆ జేబులోకే వెళ్ళాలి.

ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదట కూర్చోవడం, సూటిగా మాట్లాడటం ఉండేది కాదు. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నా, "అత్తయ్యగారూ, మావయ్యగారు భోంచేస్తారేమో కనుక్కోండి" అనేదాన్ని. ఆయన కూడా, "కాసేపాగి తింటానని చెప్పు" అని ఆవిడకి చెప్పేవారు. అత్తయ్యగారు ఇద్దరి మధ్యా నిలబడి, మాట అటూ ఇటూ మార్చే పని లేకుండా, విన్నట్టే తల ఊపేవారు. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తెల్లారుజామునే లేచి పాలు పితికి, కాఫీ డికాషన్ వేసి, ఇల్లంతా అలికినంత శుభ్రంగా పెట్టి, మేం లేచేసరికి తులసికోట దగ్గర కూర్చుని ఉండేవారు. ఆ కారు వచ్చాక వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చోవడం తప్ప దాని గురించి ఒక్క మాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

నేను కాపరానికి వచ్చిన మూడో నెలో, నాలుగో నెలో. ఒక ఆదివారం కాఫీ పట్టుకెళ్ళి పాకలో గడప మీద పెట్టబోతుంటే మావయ్యగారు "అయ్యో" అన్నారు. ఆయన చేతిలోంచి బియ్యపు గింజంత మర ఒకటి జారి ఇంజను సందులోకి పడిపోయింది. ఆయన వేళ్ళు లావు, ఆ సందులో పట్టవు. రెండుసార్లు ప్రయత్నించి నిలబడిపోయారు. నాకు అది ఎక్కడ పడిందో కనిపిస్తోంది. అత్తయ్యగారు లేరు, మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు. గాజులు పైకి తోసుకుని, వంగి, రెండు వేళ్ళతో తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

"ఇదెక్కడ బిగించాలో చూస్తావా అమ్మాయ్?" అన్నారు.

ఆయన నాతో సూటిగా అన్న మొదటి మాట అది. నల్లటి గిన్నెలాంటి మూత తీసి లోపల రెండు చిన్న మొనలు చూపించారు. ఇంజను తిరుగుతుంటే ఈ మొనలు కలుస్తూ విడిపోతూ ఉంటాయనీ, విడిపోయినప్పుడల్లా ఎక్కడో ఒక నిప్పురవ్వ పుడుతుందనీ, ఆ రవ్వే కారుని లాగుతుందనీ చెప్పారు. రెండిటి మధ్యా అగ్గిపెట్టె అట్ట మందం ఖాళీ ఉండాలట. ఎక్కువైనా తక్కువైనా బండి దగ్గుతుంది. "ఎందుకని?" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన మాత్రం ముప్ఫై ఏళ్ళు క్లాసులో ఆ మాట కోసమే ఎదురు చూసినవారిలా ముఖం పెట్టి, కాఫీ చల్లారిపోయేదాకా చెప్పారు. ఆ మర నేనే బిగించాను. హేండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. గేదె బెదిరింది. నాకు ఒళ్ళంతా ఝల్లుమంది.

తరవాతి ఆదివారం కాఫీ ఇచ్చి వెళ్ళిపోలేదు. ఆ తరవాత ఆదివారం ఆయనే పిలిచారు. ఆయిలు పుల్ల తీసి తుడిచి, మళ్ళీ ముంచి, గీతల మధ్య ఎంత ఉందో చూడటం నేర్చుకున్నాను. ఆయిలుని వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడుతోందో, జారుతోందో చెప్పాలి. బ్యాటరీ కొసల మీద తెల్లగా పొంగిన ఉప్పుని వేడినీళ్ళతో కడిగి, వేజిలిన్ రాయాలి. ప్లగ్గులు విప్పి, మసి రంగు చూసి, ఇంజను ఎలా తింటోందో చెప్పాలి. పొడి నలుపైతే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, బూడిద తెలుపైతే కడుపు మాడుతోంది, బిస్కెట్టు రంగైతే ఆరోగ్యం. మావయ్యగారు ఏదీ ముందు చెప్పేవారు కాదు. "ఎందుకంటావ్?" అని అడిగి ఆగేవారు. తప్పు చెబితే, "సరే, అలాగే అనుకుందాం. అలాగైతే ఇంకేం జరగాలి?" అనేవారు. ఆ దారిలో నడిపించి, నా తప్పు నాకే కనబడేదాకా తీసుకెళ్ళేవారు. అన్నిటికన్నా నాకు వింతగా తోచింది ఒకటుంది. ప్రతి నట్టుకీ దానిదైన బిగుతు ఉంటుంది అనేవారు. ఇనుము ఇనుముని పట్టుకునే చోట ఒక బిగుతు, మధ్యలో అట్ట ఉన్న చోట ఇంకొకటి. ఇంజను అడుగున కన్నం మూసే ఆయిలు బిళ్ళని చక్రం నట్టులా బిగిస్తే మర అరుగుతుంది. అది పుస్తకంలో రాసి ఉండదు, చేతికే తెలియాలి.

వీధిలో మాటలు రాకుండా ఉండవు కదా. పక్కింటి ఆవిడ పెరటి గోడ మీంచి, "కోడలి చేత కారు కూడా తోమిస్తున్నారేంటి వదినా" అని అత్తయ్యగారితో అంది. అత్తయ్యగారు చింతపండు గింజలు తీస్తూ, "ఇష్టపడి చేస్తంది లెండి" అని ఊరుకున్నారు. నాతో మాత్రం, "వరలక్ష్మీ, ఆ కిరసనాయిలు చేతులతో పప్పు కలిపితే నేను తినను" అని, కుంకుడు రసం, పిండేసిన నిమ్మడొప్పలు నూతి పళ్ళెం మీద పెట్టేవారు. ఆదివారం ఆదివారం అవి అక్కడ ఉండేవి. నేను అడగకముందే.

కోరుకొండ నరసింహస్వామికి అత్తయ్యగారు ఏదో మొక్కుకున్నారు. మా వారు సెలవు మీద వచ్చారు. మర్నాడు పొద్దున్నే నలుగురం బయల్దేరాలి. ముందు రోజు మావయ్యగారు ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చారు. నేను సాయం వస్తానంటే, "జాకీ బరువమ్మా, నువ్వొద్దు" అన్నారు. సాయంత్రం గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళాను. చక్రాల పానా సంచిలో దాని జేబులోనే ఉంది. చక్రం నట్టు బిగుతు ఎంతుంటుందో నా చేతికి ఇంకా తెలియదు. తెలుసుకుందామని, అంతకు మించి ఏ ఆలోచనా లేకుండా, వెనక ఎడమ చక్రానికి పానా తగిలించి నొక్కాను. నట్టు తిరిగింది. నేను ఏదో తప్పు చేశాననుకున్నాను. రెండోది చూశాను, అదీ తిరిగింది. మూడోదీ తిరిగింది. నాలుగోది మాత్రం గట్టిగా ఉంది. కుడితి బక్కెట్టు గేదె ముందు పెట్టొచ్చాను. తరవాత చెప్పులు విప్పి, పానా మీద కాలేసి తొక్కి, నాలుగు చక్రాల నట్లూ ఒకదాని తరవాత ఒకటి బిగించాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు కారు గోదావరి బ్రిడ్జి ఎక్కినప్పుడు నేను వెనక సీట్లో ఉన్నాను. నది నిండుగా ఉంది. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. నేను నది చూడలేదు. మావయ్యగారి చేతులు చూశాను. స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకున్నంతసేపూ బాగానే ఉన్నాయి. గేరు మార్చడానికి కుడి చెయ్యి ఒక్కటే చక్రం మీద మిగిలినప్పుడు, బొటనవేలు దానంతటదే చూపుడువేలి మీద రాసుకుంటోంది, జపమాల తిప్పినట్టు. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. చిన్న మరలు తరచుగా జారిపోవడం. ఆ నల్ల మూత కింది మొనలు నా చేతే సరిచేయించడం. "నీ వేళ్ళు సన్నమమ్మా" అనడం. నన్ను పిలిచి నేర్పుతున్నారని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఆయనకి నా చేతులు కావలసి వచ్చాయన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

ఆ రోజు నించి ప్రతి ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళగానే ఆయన ముట్టుకున్నదల్లా నేను మళ్ళీ చూసేదాన్ని. కొన్ని వారాలు అన్నీ సరిగ్గానే ఉండేవి, నాకే సిగ్గేసేది. కొన్ని వారాలు ఉండేవి కావు. ఆయిలు బిళ్ళ కారుతూ ఉండేది, బ్యాటరీ పట్టీ ఊగుతూ ఉండేది. బిగించేదాన్ని. పని మాత్రం ఇంకా బాగా వచ్చింది. ఒకరు చేసిన పనిని వెనక నించి చదవడం అంత బాగా ఏదీ నేర్పదని ఇప్పుడు అనిపిస్తుంది.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఒక పొద్దున్న నేను పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. పాకలోంచి మావయ్యగారు పిలిచారు. వెనక ఎడమ చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. పానా నట్టుకి తగిలించి ఉంది.

"అమ్మాయ్, ఈ నట్టు పోయిన నెల నేనే కదా బిగించాను?"

"అవునండి."

"నేను బిగించింది నాకు ఊడి రావాలి కదా. లెక్క అంతే కదా?"

నేను చేతికంటుకున్న మిరపగింజలు దులుపుకున్నాను.

"ఊడటం లేదు. అంటే నా తరవాత ఇంకెవరో బిగించారు. మీ అత్తయ్య ఈ పాకలోకొచ్చి పానా పట్టుకోదు." ఆయన గొంతులో కోపం లేదు. బోర్డు మీద ఒక్కో మెట్టూ రాస్తున్నట్టు చెబుతున్నారు. "ఎన్నాళ్ళ నించి?"

"కోరుకొండ వెళ్ళే ముందు రోజు నించండి."

"ఆ రోజు ఎన్ని వదులుగా ఉన్నాయి?"

"మూడండి."

"ఒక్క చక్రానికా?"

"ఒక్కదానికేనండి. ఇదే."

ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. అది ఆ క్షణాన కూడా నిలవలేదు. "నలుగురం కూర్చున్నామమ్మా ఆ బండిలో" అన్నారు. పానాని నేల మీద నెమ్మదిగా పెట్టి, చప్పుడు కాకుండా పెట్టి, లోపలికి వెళ్ళిపోయారు. పానా దాని జేబులోకి వెళ్ళకపోవడం నేను అప్పుడే చూడటం.

మూడు ఆదివారాలు ఆయన పాకలోకి రాలేదు. కారు మీద దుప్పటి కప్పేశారు. వాలుకుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు, పేజీ తిప్పేవారు కాదు. నాతో మాటలు మళ్ళీ అత్తయ్యగారి మీదుగా నడవడం మొదలయ్యాయి. నేను చేసింది తప్పో ఒప్పో తేలక అన్నం సయించేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో పనసపొట్టు కొడుతూ అత్తయ్యగారు కత్తి ఆపి అడిగారు.

"ఆయన చెయ్యి సంగతి నీకెప్పుడు తెలిసింది?"

చెప్పాను. నట్ల సంగతి కూడా చెప్పాను. ఆవిడ విన్నారు.

"నాకు ఏడాది పైనయింది" అన్నారు. "గ్లాసులో నీళ్ళు సగమే పోస్తన్నాను. చొక్కాలకి బొత్తాలు మార్చి పెద్దవి కుట్టాను. ఆయన గమనించలేదనుకున్నాను. గమనించే ఊరుకున్నారేమో." మళ్ళీ కత్తి అందుకుంటూ అన్నారు, "నువ్వు ఆ పక్క నించీ, నేను ఈ పక్క నించీ. ఇద్దరం కలిసి ఏమీ లేదని ఆయన్ని నమ్మించాం."

"ఆయన బాధపడతారనేనండి."

"పడనిద్దువు. ఆయన మాస్టారు. తప్పు లెక్కకి మార్కులేస్తే ఊరుకుంటారా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యగారు మావయ్యగారి గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు పోశారు. పోసి, ఎప్పుడూ లేనిది, ఆయన పక్కన పీట వాల్చుకుని కూర్చున్నారు. ఆయన గ్లాసు వంక చూశారు. "ఇన్నాళ్ళూ సగమే పోశానండి. ఇక నించి పోయను. ఒలికితే తుడుస్తాను. దాచడం మాత్రం ఇక నావల్ల కాదు" అన్నారావిడ. మావయ్యగారు గ్లాసు ఎత్తారు. సగం నీళ్ళు విస్తరి మీదా, పంచె మీదా పడ్డాయి. మిగతా సగం తాగారు. అత్తయ్యగారు లేచి గుడ్డ తెచ్చి తుడిచారు. నేను గుమ్మం పక్కన నిలబడి, ఎటు చూడాలో తెలియక, చారు గిన్నె వంక చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఆదివారం కూడా కాదు. కాఫీ తాగగానే మావయ్యగారి కేక వినబడింది. "అమ్మాయ్, ఆ సంచీ పట్రా. ఒక పీట కూడా తీసుకురా." పీట ఆయనకి. కారు పక్కన పీట మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "బ్రేకులు విప్పాలి. నేను ముట్టుకోను. నోటితో చెప్తాను, నువ్వు చెయ్యి" అన్నారు. చేత్తో చూపించడానికి అలవాటుపడ్డ మనిషి, అన్నీ మాటల్లో పెట్టడానికి మొదట్లో చాలా అవస్థ పడ్డారు. "అదిగో అది, కాదు, దాని పక్కది, కొక్కెంలా ఉంటుంది చూడు" అనేవారు. చెయ్యి లేవబోయేది, మళ్ళీ ఒళ్ళోకి లాక్కునేవారు. నెలా నెలన్నరకి ఆయన మాట ఎంత పదునెక్కిందంటే, కళ్ళు మూసుకుని కూర్చుని, నా పానా చప్పుడు విని, "ఇంకో పావు తిప్పు. చాలు" అనేవారు. బ్రేకు రేకులు మార్చాను. రేడియేటర్ గొట్టం మార్చాను. కార్బురేటర్ మొత్తం విప్పి పాత వార్తాపత్రిక మీద వరసగా పేర్చి, కడిగి, మళ్ళీ బిగించాను. ఒక చిన్న బిళ్ళ మిగిలిపోయింది. "మిగిలితే దిగులుపడకు. మళ్ళీ విప్పు" అన్నారు. మళ్ళీ విప్పాను.

"బాగుచేసేవాళ్ళకి నడపడం రావాలి" అని కాలవ గట్టు మీద డ్రైవింగు కూడా ఆయనే నేర్పారు, పక్కన కూర్చుని, నోటితోనే. కొబ్బరి దింపుకి వచ్చినవాళ్ళు చెట్టు మీంచి చూసేవాళ్ళు. లైసెన్సు చేతికొచ్చిన వారం, "నన్ను రాజమండ్రి తీసుకెళ్ళు, డాక్టరుకి చూపించుకుంటాను" అన్నారు. ఆ మాట గ్లాసు నిండా నీళ్ళు పోసిన రాత్రి నించి అత్తయ్యగారు ఎన్నిసార్లు అడిగినా తోసేశారట. బ్రిడ్జి మీద ఎదురుగా లారీ వస్తే బ్రేకు తొక్కబోయాను. "నీ పక్క నీకుంది, వాడి పక్క వాడికుంది" అన్నారు మావయ్యగారు, అంతే.

డాక్టరు ఆయన్ని అటూ ఇటూ నడిపించారు. తెల్లకాగితం మీద పేరు రాయమన్నారు. అక్షరాలు మొదట పెద్దవిగా మొదలై చివరికి ఆవగింజలంత అయిపోయాయి. జబ్బు పేరు చెప్పి, మందులు రాసి, తగ్గేది కాదనీ, నెమ్మదిగా పెరుగుతుందనీ చెప్పారు. మావయ్యగారు, "ఎందుకని వస్తుందండి ఇది?" అని అడిగారు. డాక్టరు మెదడులో ఫలానా చోట ఫలానా సరుకు తయారవడం తగ్గుతుందని చెబితే, "ఎందుకు తగ్గుతుంది?" అన్నారు. అది ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదన్నారు డాక్టరు. తిరిగి వస్తున్నంతసేపూ మావయ్యగారి ముఖంలో భయం కోసం చూశాను. ఆయన ఆలోచిస్తున్నారు. కొవ్వూరు రేవు దగ్గర ఆపమన్నారు. మెట్ల మీద ఎవరో బట్టలు పిండుతున్నారు.

"మీ అత్తయ్యకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నారు.

"మీరే చెప్పాలండి."

"ఆఁ. నేనే చెప్పాలి." రేవు వంక చూస్తూ అన్నారు, "ఆ నట్ల సంగతి నువ్వు ఆవేళే చెప్పుంటే కారు అమ్మేసేవాణ్ణి. అసలెప్పటికీ చెప్పకపోయుంటే ఎవరినో చంపేసేవాణ్ణి. ఏది సరైందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదమ్మాయ్." నేనూ తేల్చుకోలేదు. ఇన్నేళ్ళయినా.

ఇప్పుడు నేనుండే అపార్ట్‌మెంటు కింద పార్కింగులో మా కారు బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. ఇంజను దాని కింద ఎక్కడో ఉంటుంది. టైర్లలో గాలి నేనే చూసుకుంటాను, గాలి ఫిల్టరు దులిపి పెడతాను, కూలెంటు తగ్గితే పోస్తాను, వైపర్లు మారుస్తాను. పక్క ఫ్లాటువాళ్ళు, "మీకెందుకండి ఈ శ్రమ, యాప్‌లో బుక్ చేస్తే ఇంటికే వస్తారు" అంటారు. నిజమే. ఇప్పటి కార్లు మంచివి. పొద్దున్నే హేండిల్ తిప్పక్కర్లేదు, బ్రిడ్జి మధ్యలో ఆగిపోవు, బ్రేకులు ఎవరి చెయ్యి వణికినా వాటి పని అవి చేస్తాయి. ఆ రోజులే బాగున్నాయని అనను. మూడు నట్లు వదులైన కారులో నదిని దాటబోయినదాన్ని, ఎలా అంటాను? కానీ అప్పట్లో ఒక వస్తువు పాడైతే అది ఎందుకు పాడైందో నాకు చెప్పేది. దగ్గేది, కారేది, వాసనేసేది. ఇప్పుడు డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం ఒకటి వెలుగుతుంది. మొన్న సర్వీస్ సెంటర్లో ఆ కుర్రమ్మాయి కాగితం ఇచ్చి, "సెన్సార్ మార్చామండి" అంది. ఎందుకు పోయిందమ్మా అని అడిగాను. కనుక్కుని వస్తానని లోపలికి వెళ్ళి, తిరిగి వచ్చి, "పోయిందంటండి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ అమ్మాయికి మాత్రం తెలుసుకోవాలని లేదా? ఆ అద్దం దాటి లోపలికి వెళ్ళి చూడమని తనకి ఎవరూ చెప్పి ఉండరు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన కొన్నాళ్ళకి కర్నూలు నించి క్వార్టర్స్ ఇచ్చారని ఉత్తరం వచ్చింది. మా వారు వచ్చారు. పెట్టెలు సర్దాం. నేను వెళ్ళే రోజు పొద్దున్న ఆఖరిసారి ఆయిలు చూద్దామని పాకలోకి వెళ్ళాను. అత్తయ్యగారు నా వెనకే వచ్చి తడక పక్కన నిలబడ్డారు. గేదె ఆవిడ కొంగు అందుకోబోతే విదిలించుకున్నారు.

"ఆ పుల్ల ఎక్కడుంటుందో నాకు చూపించు" అన్నారు.

చూపించాను. ఆవిడ తీసి, కొంగుతో కాక గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, వెలుతురుకి పట్టి చూశారు. నేను చేయడం ఎన్ని ఆదివారాలు చూస్తే అలా వస్తుందో అనుకున్నాను. పుల్ల మళ్ళీ లోపల పెట్టి, ఆవిడ ఇంజను వంక చూస్తూ గొంతు తగ్గించి అడిగారు.

"ఈ కారు వచ్చిన రోజు నించి నాకొక అనుమానం వరలక్ష్మీ. లోపల నిప్పు పుడతందని ఆయన నీకు చెప్తుంటే విన్నాను. వెనకాల టాంకు నిండా పెట్రోలుంది. నిప్పూ ఇక్కడే, పెట్రోలూ ఇక్కడే. మరి కారంతా ఎందుకు అంటుకోదు? నేను ఎప్పుడెక్కినా ఆ భయంతోనే దణ్ణం పెట్టుకుంటాను."

నాకు జవాబు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు వాలుకుర్చీలో పేపరు తిప్పుతున్న చప్పుడు వినబడింది. "నాకు సరిగ్గా తెలీదండి. మావయ్యగారిని అడగండి" అన్నాను.

ఆవిడ కొంచెం సిగ్గుపడ్డారు. పెళ్ళై ముప్ఫై ఐదేళ్ళయిన మనిషి. పైటచెంగు సర్దుకుని వరండాలోకి వెళ్ళి, ఆయన ముందు నిలబడి, అదే ప్రశ్న అడిగారు. మావయ్యగారు పేపరు దించారు. ఆవిడ వంక, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "కూర్చో" అన్నారు. "ముందు నువ్వు చెప్పు, ఎందుకు అంటుకోదంటావ్?"

ఆవిడ కూర్చున్నారు. ఆలోచించి ఏదో చెప్పారు. "సరే, అలాగే అనుకుందాం" అన్నారాయన. మా రిక్షా వచ్చింది. పెట్టెలు ఎక్కించాం. ఇద్దరికీ దణ్ణం పెడితే ఆయన తల మీద చెయ్యేసి, ఆ చెయ్యి వణుకుతుంటే వణకనిచ్చి, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అని, మళ్ళీ ఆవిడ వంక తిరిగారు. రిక్షా వీధి చివర మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. వరండాలో ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆవిడ మధ్యలో ఆపి, ఇంకేదో అడుగుతున్నారు.